నలభై నిమిషాలు ముందున్న ఊరు

ఆ రోజు గంటలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి నిద్ర లేవాలి. ఎనిమిదిన్నర కాకముందే గడియార స్తంభం ఎక్కాలి. పదింటికి తనిఖీ అధికారి వచ్చేసరికి ఇత్తడి చక్రాలన్నీ తళతళలాడుతూ, ముళ్ళు ఉండాల్సిన చోట ఉండాలి. అంతే. ఇందులో పొరపాటు జరగడానికి చోటెక్కడుంది? పైగా జేబులో ఫోనుంది.

ఆ ఫోను సంగతి ముందే చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత జరిగిందేదీ నమ్మబుద్ధి కాదు. స్తంభం మీది గడియారానికి కీ ఇచ్చి, నూనె వేసి, నడిపించడం గంటలాయన ఉద్యోగం. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే పని. ఏ వస్తువు కనబడినా విప్పి లోపల ఏముందో చూస్తే గాని ఆయనకు అన్నం సహించదు. రెండు నెలల క్రితం బావమరిది తన దుకాణంలో నుంచి ఫోను తీసి చేతిలో పెట్టినప్పుడు కూడా ఆయన మొదట అడిగింది స్క్రూ ఎక్కడుందనే. "దీన్ని విప్పకూడదు బావా, వాడుకోవాలంతే," అన్నాడు బావమరిది. చక్రం లేదు, కీ లేదు, లోలకం లేదు. అయినా టైము చెబుతోంది. గంటలాయన దాన్ని తిప్పి తిప్పి చూసి, చెవికి ఆనించుకుని విని, చివరికి చొక్కాకి తుడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ క్షణం నుంచి దాని ముందు ఆయన మనసు చేతులు కట్టుకునే నిలబడింది.

అబ్బురపడడానికి కారణాలు లేకపోలేదు. స్తంభం లోపల తొంభై నాలుగు మెట్లున్నాయి. ముప్పై ఒక్క ఏళ్ళు వాటిని చీకట్లో లెక్కపెట్టుకుంటూ ఎక్కాడాయన. ఫోను దీపం వేసుకుని ఎక్కిన మొదటి రోజు, అరవై రెండో మెట్టు దగ్గర గోడ మీద ఒక అరచేతి ముద్ర కనబడింది. సున్నం తడిగా ఉండగా ఏ మేస్త్రీయో ఆనించి మరిచిపోయిన చెయ్యి. గంటలాయన తన చెయ్యి దాని మీద పెట్టి చూశాడు. సరిగ్గా సరిపోయింది. ఆ మెట్టు మీదే కాసేపు కూర్చుండిపోయాడు. ఇంకో రోజు ఫోనుతో పెద్ద చక్రాన్ని ఫోటో తీసి వేళ్ళతో సాగదీసి చూస్తే, తనకు ముందు పనిచేసిన పెద్దాయన సూదిమొనతో గీసుకున్న తేదీలు బయటపడ్డాయి. కళ్ళజోడుకి అందనివి ఫోనుకి అందాయి. ఇక చెప్పేదేముంది? చేతికున్న పాత వాచీని తీసి, "ఇక నువ్వు కూర్చో," అని సొరుగులో పెట్టేశాడు. ఇంట్లో మిగిలిన గడియారాలు అయిదు. అయిదూ సగం విప్పి పెట్టినవే. వాటిలో ఏ రెండూ ఒక మాట మీద ఉండవు.

ఇంతటి మనిషికి ఒకే ఒక్క లోపం. ఊరికంతా టైము చెప్పేవాడు తాను మాత్రం ఎక్కడికీ టైముకి వెళ్ళడు. పైన ఒక నూనె చుక్క దగ్గర వంగాడంటే కింద భోజనం చల్లారిపోవాల్సిందే. ఇల్లాలు మొదట్లో కోప్పడింది, తర్వాత లెక్క కట్టింది. "ఆయన ఎప్పుడొచ్చినా సరిగ్గా నలభై నిమిషాలే ఆలస్యం. అందులో మాత్రం నిమిషం తేడా రాదు," అని తమ్ముడితో అనేది. అయితే ఈ తనిఖీ భోజనం లాంటిది కాదు. వచ్చే అధికారి ఇప్పటికే చుట్టుపక్కల పది ఊళ్ళ గడియారాలు దింపించి, వాటి చోట ఎర్ర అంకెల బోర్డులు పెట్టించాడు. ఆయన రూలు ఒక్కటే. తనిఖీ వేళకు గడియారంలో అయిదు నిమిషాలు మించి తేడా ఉంటే దింపెయ్యడమే. అది దిగితే గంటలాయన కూడా దిగాల్సిందే. అంతటి రోజున ఈయన ఆలస్యంగా వెళ్ళి, ముళ్ళు సరిచూసుకోకుండా దొరికిపోతే?

అందుకని ముందు రోజు సాయంత్రం ఇల్లాలు ఒక పని చేసింది. ఫోను అద్దానికి గీతలు పడకుండా కొత్త పొర వేయించాలన్న నెపంతో దాన్ని తమ్ముడి దగ్గరికి పట్టుకెళ్ళి, గుట్టుగా నలభై నిమిషాలు ముందుకి పెట్టించింది. తమ్ముడు ఫోనులో ఒక మీట ఆపేశాడు. దాంతో అది తనంతట తాను సరిచేసుకునే వీలు కూడా పోయింది. "మీ బావకి చెప్పకు. చెబితే మళ్ళీ నింపాదిగా వెళ్తారు," అంది అక్క. తమ్ముడు సరేనని, రోజుకి ముప్పై ఫోన్లు చూసే మనిషి కాబట్టి, పది నిమిషాల్లో ఆ సంగతి మరిచిపోయాడు.

తెల్లవారి ఫోను ఆరు కొట్టింది. గంటలాయన లేచి చూస్తే బయట ఇంకా చీకటి. మబ్బు పట్టిందేమో అనుకున్నాడు. వీధిలోకి వచ్చేసరికి ఫోనులో ఎనిమిది దాటింది. టీ కొట్టు తలుపు సగమే తీసి ఉంది. పేపరు వేసేవాడు ఇంకా సైకిలు తొక్కుతూనే ఉన్నాడు. "ఊరు మరీ బద్ధకించిపోయింది," అనుకుంటూ, తాను ఇంత పొద్దున్నే బయల్దేరినందుకు లోలోపల పొంగిపోయాడు. ఆ పొంగుతోనే తలెత్తి స్తంభం వైపు చూశాడు. ఫోను తీసి మళ్ళీ చూశాడు.

ఫోనులో ఎనిమిదీ ఇరవై అయిదు. గడియారంలో ఏడూ నలభై అయిదు.

తొంభై నాలుగు మెట్లు ఎలా ఎక్కాడో ఆయనకే తెలియదు. పైన చక్రాలు ఎప్పటిలాగే తిరుగుతున్నాయి. లోలకం ఎప్పటిలాగే ఊగుతోంది. చెవి పెట్టి విన్నాడు. ఎప్పటి చప్పుడే. అయినా నలభై నిమిషాలు వెనకబడింది. తప్పు ఎక్కడిది? ఫోనుదైతే కాదు. అది ఆకాశంలో తిరిగే ఉపగ్రహాన్ని అడిగి చెబుతుందని బావమరిది చెప్పాడు. రెండు నెలల్లో ఒక్క సెకను తప్పలేదు కూడా. మరి నిన్న తాను వేసిన కొత్త నూనె చిక్కబడి ఉండాలి. తనిఖీ రోజునే కొంప ముంచుకున్నానని తలబాదుకుని, ముళ్ళు తిప్పే మర పట్టుకున్నాడు. ఎప్పుడూ వెన్నలా తిరిగేది ఆ రోజు గట్టిగా మొరాయించింది. గంటలాయన దాన్ని తిట్టి, బలంగా తిప్పి, నలభై నిమిషాలు ముందుకి తెచ్చాడు. ఫోనూ గడియారమూ కలిశాయి. నుదుటి చెమట తుడుచుకుని, జేబు మీద చెయ్యి వేసుకుని, "నువ్వు లేకపోతే ఇవాళ నా పని అయిపోయేది," అన్నాడు, ఎవరూ వినకపోయినా.

ఇక కింద జరిగింది వినండి. ఊళ్ళో అందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి, లేక కాదు. కాని బడి గంట, బస్సు, బ్యాంకు తలుపు, మూడూ స్తంభం టైముకే కదులుతాయి. ఫోను ఏమన్నా సరే, బస్సు పోతే పోయినట్టే. అందుకని ఫోనుకీ స్తంభానికీ తేడా వస్తే తప్పు ఫోనుదేనని ఆ ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. స్తంభం టంగుటంగుమని తొమ్మిది కొట్టేసరికి అసలు టైము ఎనిమిదీ ఇరవై. బస్సు బయల్దేరింది. అందులో డ్రైవరు, కండక్టరు, కిందటి ట్రిప్పు నుంచి నిద్రపోతున్న ఒక ప్రయాణికుడు ఉన్నారు. బ్యాంకు మేనేజరు మంగలి కుర్చీలోంచి లేచి, ఒక చెంప మీద నురగతోనే పరిగెత్తాడు. హెడ్మాస్టరమ్మ సగం అల్లిన జడతో బడికి చేరి, గంట కొట్టించి, ఆలస్యంగా వచ్చినవాళ్ళ పట్టీ మొదలుపెట్టింది. న్యాయం తప్పని మనిషి కాబట్టి మొదటి పేరు తనదే రాసుకుంది. ఆ కింద రెండు వందల పన్నెండు మంది పిల్లలు.

ఇంతమంది తిట్లూ చివరికి ఒక్క గుమ్మం ముందు పోగయ్యాయి. అది బావమరిది ఫోన్ల దుకాణం. "నీ దగ్గర కొన్నదే కదా, నలభై నిమిషాలు వెనక నడుస్తోంది," అని మేనేజరు ఫోను బల్ల మీద పడేశాడు. వెనకాల ఇంకొకరు, ఆ వెనకాల పదిమంది. బావమరిది గుమ్మంలోంచి స్తంభం చూశాడు, తన ఫోను చూసుకున్నాడు. తనదీ వెనకే ఉంది. బావ గడియారం తప్పడమన్నది అతని ఊహకే అందలేదు. "నెట్‌వర్క్ పోయినట్టుంది, లైనులో రండి," అని ఒక్కొక్క ఫోనే అందుకుని నలభై నిమిషాలు ముందుకి తొయ్యడం మొదలుపెట్టాడు. నిన్న సాయంత్రం చేసిన పనే ఇవాళ పొద్దున్నా చేస్తున్నానన్న స్పృహ అతనికి రాలేదు. చేతులకి గుర్తుంది గాని తలకి గుర్తులేదు.

పైన గంటలాయనకి ఇవేవీ తెలియవు. ఇత్తడి తోమాడు, అద్దాలు తుడిచాడు, కిటికీలోంచి వీధిని ఒక వీడియో తీశాడు. జనం ఎందుకో పరిగెడుతున్నారు. ఫోనులో చూస్తే అదీ ముచ్చటగానే ఉంది. పది కొట్టగానే కింది గదిలోకి దిగి సందర్శకుల రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాడు. జన్మలో మొదటిసారి ఆయన ఒకచోటికి టైముకి వచ్చాడు. ఎదుటివాడే రాలేదు.

అధికారి పదీ ముప్పై అయిదుకి వచ్చాడు. అంటే స్తంభం లెక్కన. సన్నటి మనిషి, చంకలో ఫైలు. ఆ ఫైల్లో గడియారం దింపే ఆర్డరు టైపు చేసి సిద్ధంగా ఉంది, తేదీ వేయడమే తరువాయి. గుమ్మం బయట ఆగి పైకి చూశాడు, ఫోను చూసుకున్నాడు, చిన్నగా నవ్వుకున్నాడు.

"మీ గడియారం నలభై నిమిషాలు ముందుంది," అన్నాడు లోపలికి వస్తూనే.

"గడియారం సరిగానే ఉంది సార్. తమరే ముప్పై అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చారు," అన్నాడు గంటలాయన, లేచి నిలబడి, ఎంతో మర్యాదగా. ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. అధికారి తన ఫోను తీసి దాని పక్కన పెట్టాడు. ఒకదానిలో పదీ ముప్పై అయిదు, ఇంకోదానిలో తొమ్మిదీ యాభై అయిదు.

"ఇది ఉపగ్రహాన్ని అడిగి చెబుతుంది సార్."

"నాది కూడా ఆ ఉపగ్రహాన్నే అడుగుతుంది."

ఇద్దరికీ తమ ఫోను మీద ఈగ వాలనివ్వనంత నమ్మకం. తనిఖీ నిబంధనల ప్రకారం ఇలాంటప్పుడు ముగ్గురు సాక్షుల్ని అడగాలి. అధికారి వీధిలోకి వెళ్ళి ముగ్గురిని ఆపి వాళ్ళ ఫోన్లు చూపించమన్నాడు. మూడింటిలోనూ స్తంభం టైమే. నాలుగోవాడు టీ కొట్టాయన. అధికారి ముఖం చూసి జాలిపడి, "మీది కూడా వెనకబడిందా సార్? ఆ మూల దుకాణంలో సరిచేస్తున్నారు. త్వరగా వెళ్ళండి, లైను పెరుగుతోంది," అన్నాడు.

అధికారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క నిమిషం ఆలస్యంగా వెళ్ళి ఎరగడు. ఎదుటివాళ్ళ ఆలస్యాన్ని పట్టుకోవడమే ఆయన బతుకు. అలాంటివాడు పిల్లిలా వెళ్ళి లైను చివర నిలబడ్డాడు. తన వంతు వచ్చాక ఫోను బల్ల మీద పెట్టి, పక్కవాళ్ళకి వినబడకుండా, "నలభై నిమిషాలు," అన్నాడు.

బావమరిది ఆ పొద్దున్నుంచి ఆ మాట వందసార్లు విన్నాడు. కాని అది ఇంత రహస్యంగా అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. నిన్న సాయంత్రం అక్క కూడా సరిగ్గా ఇలాగే, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అంది. అతని కళ్ళ ముందు అంతా గిర్రున తిరిగింది. తప్పింది ఫోన్లు కాదు. బావ. ఎదురుగా తనిఖీ అధికారి, చంకలో ఫైలు, చేతిలో ఆయన ఫోను. ఇప్పుడు నిజం చెబితే బావ గడియారం పోతుంది. బావమరిది ఒక్క క్షణం ఆలోచించి, ఆ ఫోనుని కూడా నలభై నిమిషాలు ముందుకి తోసేశాడు. "అయిపోయింది సార్," అని, వెనక తలుపులోంచి స్తంభం వైపు పరుగందుకున్నాడు.

వచ్చి పడినప్పుడు అతనికి ఊపిరి ఆడటం లేదు. అక్క పంపడం, తాను తిప్పడం, ఊరంతా తిరగడం, అంతా ముక్కలు ముక్కలుగా చెప్పాడు. గంటలాయన ఫోను తీసి చాలాసేపు చూశాడు. దాని మీద కోపం రాలేదు. పాపం, దానికి చెప్పమన్నది అది చెప్పింది. తలెత్తి పైకప్పు వైపు, పైన ఆడుతున్న లోలకం చప్పుడు వైపు చూసినప్పుడు మాత్రం కళ్ళు చెమర్చాయి.

"ముప్పై ఒక్క ఏళ్ళలో అది నాకు ఒక్క అబద్ధం చెప్పలేదురా. రెండు నెలల పరిచయం మాట విని దాన్ని అనుమానించాను. మొరాయించింది కూడా, తిట్టి మరీ తిప్పాను."

"అవన్నీ తర్వాత బావా. నువ్వు నోరు మెదపకుండా ఉంటే చాలు. ఆయన సంతకం పెట్టి వెళ్ళిపోతాడు. సాయంత్రం నెమ్మదిగా సరిచేసుకో."

అంతలో అధికారి రానే వచ్చాడు. ఎవరి వైపూ చూడకుండా కూర్చుని, రిజిస్టరు దగ్గరికి లాక్కుని, "ముప్పై అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చినందుకు చింతిస్తున్నాను," అని వంకర అక్షరాలతో రాశాడు. ఆర్డరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. నివేదిక తీసి, "గడియారం సరిగా నడుస్తున్నది," అని రాసి, సంతకానికి కలం ఎత్తాడు. సరిగ్గా అప్పుడు పైన పదకొండు కొట్టడం మొదలైంది.

ఆ గంటలు ముప్పై ఒక్క ఏళ్ళుగా గంటలాయనకి చెవిలో పాటలాంటివి. ఆ రోజు ఒక్కొక్కటే నెత్తి మీద పడ్డాయి. ఊరికంతా వినబడేలా గడియారం చేత తాను అబద్ధం చెప్పిస్తున్నాడు. ఊరు ఫోన్లు కూడా మార్చుకుని మరీ ఆ అబద్ధాన్ని నమ్ముతోంది. బావమరిది వద్దు వద్దని కళ్ళతో బతిమాలుతున్నాడు. పదకొండో గంట మోత ఆగాక గంటలాయన గొంతు సవరించుకున్నాడు.

"సంతకం పెట్టకండి సార్. తమరు ఆలస్యంగా రాలేదు. అయిదు నిమిషాలు ముందే వచ్చారు."

తర్వాత మొత్తం చెప్పేశాడు. ఫోను, ఇల్లాలు, మర, ఊరు, ఏదీ దాచలేదు. అధికారి కలం అలాగే పట్టుకుని విన్నాడు. అంతా అయ్యాక ఆయన అడిగింది ఒక్కటే.

"అయితే నేను ఆలస్యం కాలేదా?"

"లేదు సార్."

అధికారి రిజిస్టరు తీసి, తాను రాసిన వాక్యాన్ని ఒక గీత గీసి కొట్టేశాడు. చాలలేదేమో, ఇంకో రెండు గీతలు గీశాడు. ముఖంలోకి మళ్ళీ రంగు వచ్చింది. రంగుతోపాటు ఉద్యోగమూ గుర్తొచ్చింది. గడియారం నా ఎదుట సరిచెయ్యండి, చూస్తాను అన్నాడు. అది గంట కొట్టే గడియారమనీ, ముళ్ళు వెనక్కి తిప్పితే సుత్తి విరుగుతుందనీ, లోలకం ఆపి నలభై నిమిషాలు ఆగడం తప్ప దారి లేదనీ గంటలాయన చెప్పాడు. అయితే పదండి అన్నాడు అధికారి.

ముగ్గురూ మెట్లెక్కారు. అరవై రెండో మెట్టు దగ్గర గంటలాయన ఫోను దీపం గోడ మీదికి తిప్పాడు. అధికారి ఆగి, తన చెయ్యి ఆ ముద్ర మీద ఆనించాడు. పైకి చేరాక గంటలాయన రెండు చేతులతో లోలకాన్ని పట్టి ఆపాడు. గడియారంలో పదకొండూ పది. ఆ గదిలో అంత నిశ్శబ్దం ఆయన ఎన్నడూ వినలేదు. పసిబిడ్డని పట్టుకున్నట్టు దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

కాసేపటికి అధికారి కిటికీ దగ్గరికి వెళ్ళాడు, వెళ్ళినవాడు అక్కడే ఉండిపోయాడు. కింద వీధి నిండా జనం. ముళ్ళు కదలడం లేదని ఎవరో కనిపెట్టినట్టున్నారు. బ్యాంకువాళ్ళు, బడిపిల్లలు, తిరిగొచ్చిన బస్సు కండక్టరు, అందరూ తలలు పైకెత్తి నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు వెలుగుతూనే ఉన్నాయి, వాటిలో టైము కదులుతూనే ఉంది. ఒక్కరూ వాటి వంక చూడటం లేదు. గడియారం ఏమంటుందో అని చూస్తున్నారు. పది ఊళ్ళ గడియారాలు దింపించిన మనిషి అలా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నలభై నిమిషాలూ చూశాడు. ఇలాంటిది ఎక్కడా చూడలేదని గంటలాయనతో రెండుసార్లు అన్నాడు.

ఈలోగా బావమరిది బావదీ అధికారిదీ రెండు ఫోన్లలోనూ మీట నొక్కి అసలు టైముకి తెచ్చాడు. రెండూ పదకొండూ పది చూపించగానే గంటలాయన చేతులు వదిలాడు. లోలకం ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, ఊగింది. కింద నుంచి పెద్ద గోల వినబడింది. ఫోన్లు మళ్ళీ వెనక్కి తిప్పించుకోవడానికి జనం అప్పుడే దుకాణం వైపు పరిగెడుతున్నారు. బావమరిది తలపట్టుకుని మెట్లు దిగాడు.

అధికారి అక్కడే, ఇత్తడి చక్రం పక్కన కూర్చుని నివేదిక కొత్తగా రాశాడు: "తనిఖీ వేళకు గడియారం నలభై నిమిషాలు ముందున్నది. ఊరు కూడా నలభై నిమిషాలు ముందున్నది. కావున తేడా లేదు. తొలగించనవసరం లేదు." సంతకం పెట్టి, టైము వేసి, వెళ్ళే ముందు సిగ్గుపడుతూ ఒక మాట అడిగాడు. అరచేతి ముద్రని ఒక ఫోటో తీసి పంపగలరా అని. మెట్లు దిగుతూ గంటలాయన ముద్ర దగ్గర ఆగి, ఫోను అద్దం చొక్కాకి తుడిచి, తీసి, పంపాడు. ఇద్దరి ఫోన్లలోకి ఒకే చెయ్యి వచ్చి కూర్చుంది. దాన్ని చూసి ఇద్దరూ మళ్ళీ అబ్బురపడ్డారు.

ఇంటికి వెళ్ళి అంతా చెబితే ఇల్లాలు నవ్వాలో ఏడవాలో తెలియక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత, "ఏదైతేనేం, తనిఖీకి టైముకి వెళ్ళారుగా," అని కంచం పెట్టింది.

ఫోను ఇప్పుడు సెకను తప్పకుండా నడుస్తోంది. గంటలాయన రోజూ పొద్దున్నే దాన్ని గడియారంతో పోల్చి చూసి, ఫోనుకి మార్కులు వేస్తాడు. భోజనానికి మాత్రం నలభై నిమిషాలు ఆలస్యంగానే వస్తాడు. ఇల్లాలు ఇక ఫోను జోలికి పోలేదు, అన్నమే నలభై నిమిషాలు ఆలస్యంగా వండుతోంది.